స్వావలంబన బాట చూపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

కష్టాల పాలైన స్త్రీకి లోకం తరతరాలుగా రెండే దారులు చూపుతూ వచ్చింది. ఒకటి, అయినవారి పంచన తలదాచుకోవడం. రెండవది, దయగల దాతలు పెట్టే పట్టెడన్నంతో కాలం వెళ్ళబుచ్చడం. ఆశ్రయమిచ్చినవారు ముఖం చిట్లిస్తే మొదటి దారి మూసుకుపోతుంది. దాత చేయి ముడుచుకుంటే రెండవదీ మూసుకుపోతుంది. ఇవి కాక మూడవ దారి ఒకటి కలదని, అది చదువు, చేతిపని, వాటివలన లభించే సొంత సంపాదన అని నమ్మి, ఆ నమ్మకాన్ని సంస్థల రూపంలో నిలబెట్టిన మహనీయురాలు డాక్టర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వాతంత్ర్య సమరయోధురాలుగా, రాజ్యాంగ నిర్మాతలలో ఒకరుగా, ప్రణాళికా సంఘ సభ్యురాలుగా ఆమె పేరు దేశమంతటా ప్రసిద్ధమైనది. అయితే ఆమె జీవితమంతటినీ ఒక్క దారంలా కలిపి ఉంచినది, బ్రతుకు చెడిన స్త్రీ మరల తన కాళ్ళపై తాను నిలబడాలన్న తపనయే.

బాల్యము

దుర్గాబాయి 1909వ సంవత్సరం జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. బాల్యం ఎక్కువగా కాకినాడలో గడిచింది. రాజమహేంద్రవరం అనగానే తెలుగువారికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు గుర్తుకు వస్తారు. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించినది ఆ ఊరిలోనే. అట్టి ఊరిలో, అది జరిగిన ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత పుట్టిన దుర్గాబాయికి కూడా బాల్యవివాహం తప్పలేదు. ఎనిమిదేళ్ళ పసితనంలోనే ఆమెకు సుబ్బారావు అనే సంపన్న కుటుంబీకునితో పెండ్లి జరిపించారు. సంస్కరణ అనేది ఒక్క తరంతో ముగిసే పని కాదనడానికి ఇంతకంటే వేరే నిదర్శనం అక్కరలేదు.

ఈడు వచ్చిన పిదప ఆమె అత్తవారింటికి వెళ్ళడానికి అంగీకరించలేదు. దేశసేవకు అంకితం కాదలచిన తాను సంసార జీవితానికి తగనని భర్తకు తెలియజెప్పి, ఆయన మరొకరిని వివాహమాడడానికి సమ్మతించారు. ఆనాటి సమాజంలో ఒక పదిహేనేళ్ళ బాలిక ఇట్టి నిర్ణయం తీసుకొనడం ఎంత సాహసమో ఊహించవచ్చు. తండ్రి, సోదరుడు నారాయణరావు ఆమెకు అండగా నిలిచారు. పుట్టినింటివారు ఆ మాత్రం ధైర్యం చేయకపోతే ఆ తరువాతి చరిత్ర వేరుగా ఉండేది.

చదువు విషయంలోనూ ఆమెది మొదటినుండీ స్వతంత్ర బుద్ధియే. ఆంగ్ల మాధ్యమంపై నిరసనతో చిన్ననాడే బడి మానివేశారు. అంతటితో ఊరుకోక హిందీ నేర్చుకొని, కాకినాడలో బాలికల కోసం హిందీ పాఠశాల తెరిచారు. తాను ఇంకా బాలికయై ఉండగనే ఇతరులకు ఉపాధ్యాయురాలయ్యారు. ఆ పాఠశాలలో గృహిణులు సైతం కూర్చొని అక్షరాలు దిద్దారు.

గాంధీజీ ముందు దేవదాసీలు

1921లో మహాత్మాగాంధీ కాకినాడకు వచ్చారు. ఆ ఊరిలోని దేవదాసీ స్త్రీలను, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలను ఆయన ఎదుట కూర్చుండబెట్టాలని పన్నెండేళ్ళైనా నిండని దుర్గాబాయి సంకల్పించారు. మహాత్ముని మాట వింటే వారి జీవితాలలో మార్పు వస్తుందని ఆమె ఆశ. స్థానిక నాయకులు మహాత్మునికి సమర్పించడానికి 5000 రూపాయల నిధి తెస్తే చూద్దామన్నారు. చిన్నపిల్ల అంత సొమ్ము తేలేదని వారి ఉద్దేశం కావచ్చు. కాని ఆ స్త్రీలే ముందుకు వచ్చి నిధి సమకూర్చారు. ఒక పాఠశాల ఆవరణలో సభ ఏర్పాటైంది. కొద్ది నిమిషాలకని వచ్చిన గాంధీజీ అనుకొన్నదానికంటే చాలా ఎక్కువసేపు అక్కడ ఉండిపోయారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించినది దుర్గాబాయియే. సభలోని స్త్రీలు తమ ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. దుర్గాబాయి తన బంగారు గాజులు సమర్పించి, నాటినుండి ఖద్దరు ధరించారు.

ఈ సంఘటనను సాధారణంగా దేశభక్తికి ఉదాహరణగా చెబుతారు. అందులో మరొక అంశం కూడా కలదు. సంఘం వెలివేసిన స్త్రీలను దూరంగా నిలిపి జాలిపడడం కాక, ఒక కార్యంలో భాగస్వాములను చేయడం ఆ బాలిక చేసిన పని. నిధి వారిదే, సభ వారిదే, త్యాగమూ వారిదే. తరువాతి కాలంలో ఆమె నడిపిన సంస్థలన్నిటికీ ఈ పద్ధతియే పునాది అయినది.

1923లో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఆమె ప్రదర్శనశాల వద్ద వాలంటీరుగా నిలిచారు. టికెట్టు లేకుండా లోనికి రాబోయిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపివేశారు. టికెట్టు కొని తెచ్చిన పిమ్మటనే ఆయనను లోనికి పంపారు. కర్తవ్య నిర్వహణలో ఎంతవారికీ మినహాయింపు లేదన్న ఆమె పట్టుదలను నెహ్రూ మెచ్చుకొన్నారు.

చెరసాలలో నేర్చిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. హోసూరు సమీపంలోని తొరపల్లిలో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారి తిరుచిరాపల్లినుండి వేదారణ్యానికి యాత్ర సాగించినది ఆ సంవత్సరమే. మదరాసు నగరంలో టంగుటూరి ప్రకాశం, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు వంటి పెద్దలతో కలసి ఉద్యమంలో ముందు నిలిచిన యువతి దుర్గాబాయి. 1930, 1933 సంవత్సరాల మధ్య ఆమె మూడు పర్యాయాలు కారాగారవాసం అనుభవించారు. కృష్ణగిరినుండి మదరాసు పోయే రహదారిపైనున్న వేలూరు జైలులోను, మదురై జైలులోను ఆమె శిక్షా కాలం గడిచింది. మదురైలో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది.

ఆ జైళ్ళలో ఆమె రాజకీయ ఖైదీలతోపాటు నేరారోపణలపై శిక్ష పడిన సామాన్య స్త్రీలను చూశారు. వారిలో చాలామందికి తమపై మోపిన నేరమేమిటో, కోర్టులో ఏమి జరిగినదో తెలియదు. చదువు లేదు. న్యాయవాదిని పెట్టుకొనే స్తోమతు లేదు. శిక్ష ముగిసి బయటకు పోతే చేరదీసే ఇల్లు లేదు. జైలు గోడ దాటినంత మాత్రాన వారికి విడుదల లేదని దుర్గాబాయికి అవగతమైనది. తాను చదువుకోవాలి, న్యాయశాస్త్రం అభ్యసించాలి అన్న సంకల్పం ఆమెకు అక్కడే కలిగింది.

బడి మానిన వయసుకు, మరల పుస్తకం పట్టిన వయసుకు మధ్య పన్నెండేళ్ళ ఎడం ఉన్నది. చాలామంది ఆ దశలో చదువుపై ఆశ వదులుకొంటారు. ఆమె బెనారసు హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా చదివి కృతార్థులయ్యారు. ఆ తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదవదలచి వాల్తేరు వెళ్ళినపుడు అక్కడ స్త్రీలకు హాస్టలు లేదు. వైస్-ఛాన్సలర్ డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ ఇబ్బందిని ఎత్తిచూపగా, ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, చదువదలచిన బాలికలను కూడగట్టి, తామే ఒక వసతి గృహం ఏర్పాటు చేసుకొన్నారు. వసతి లేక ఆగిపోయిన చదువులు ఎన్నో ఉన్నవని గ్రహించిన ఆమె, ఆ తరువాత ఎక్కడ ఏ సంస్థ నెలకొల్పినా హాస్టలును మరువలేదు. 1940ల తొలినాళ్ళలో మదరాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది, హైకోర్టులో న్యాయవాదిగా, ప్రత్యేకించి క్రిమినలు కేసులలో, పేరు గడించారు.

ఆంధ్ర మహిళాసభ

స్త్రీలకోసం ఒక నీడ ఏర్పరచడం దుర్గాబాయితోనే మొదలు కాలేదు. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదనం స్థాపించారు. మహర్షి కర్వే 1896లో పూనాలో వితంతు శరణాలయం తెరిచారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు 1922లో శారదా నికేతనం నెలకొల్పారు. మదరాసులోనే సిస్టర్ సుబ్బలక్ష్మి బాలవితంతువులకు చదువు చెప్పించి ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి అవ్వై ఇల్లం పేరిట దిక్కులేని బాలికలకు ఆశ్రయం కల్పించారు. దుర్గాబాయి ఈ పరంపరకు చెందినవారే. అయితే మదరాసు నగరంలో నివసించే తెలుగు స్త్రీలకు, తమ భాషలో తమ కష్టం చెప్పుకొని మార్గం తెలుసుకొనే చోటు ఒకటి కావలసి ఉండెను. ఆ లోటును ఆమె పూరించారు.

మైలాపూరులో ఆమె నివసించే ఇంట ఇరుగుపొరుగు బాలికలకు చదువు చెప్పడంతో ఆ పని ప్రారంభమైంది. మొదట అది లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అనే చిన్న బాలికా సంఘం మాత్రమే. బెనారసు మెట్రిక్యులేషనుకు తాను చదివిన పద్ధతిలోనే ఆమె ఆ బాలికలకు పాఠాలు బోధించారు. క్రమంగా బాలికలతోపాటు యువతులు, వితంతువులు, భర్త విడిచిన స్త్రీలు రాసాగారు. 1937లో అది ఆంధ్ర మహిళాసభగా రూపొందినది.

ఈ సభలో చేరడానికి వచ్చే స్త్రీల పరిస్థితిని గమనించి అందుకు తగినట్లు పని ఏర్పరచడం దుర్గాబాయి ప్రత్యేకత. ఇరవై ఐదేళ్ళ స్త్రీని తీసుకొనిపోయి ఆరవ తరగతిలో పసిపిల్లల నడుమ కూర్చోబెట్టలేరు. అట్లని పదేళ్ళపాటు చదివించడానికి ఆమెకు వ్యవధి లేదు. కావున ఆ పదేళ్ళ చదువులోని సారాన్ని రెండు మూడేళ్ళలో నేర్పే తరగతులు నడిపారు. ఎదిగిన మనసుకు బాల్యంలో పట్టినంత కాలం పట్టదని అనుభవం నిరూపించింది. చదువుతోపాటు నూలు వడకడం, నేత, కుట్టుపని, చేతి కళలు నేర్పారు. హిందీ బోధన, సంగీతం, ఉపాధ్యాయ శిక్షణ, వసతి గృహం ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరినవి. ఆంధ్రమహిళ అనే పత్రికను కూడా దుర్గాబాయి నడిపారు. అడయారులో సభ వెలయించిన వైద్యశాల స్త్రీలకు వైద్యం చేయడమే కాక, స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ ఇచ్చింది. ఒకే కప్పు క్రింద ఒక స్త్రీకి వైద్యమూ, మరొక స్త్రీకి జీవనోపాధీ లభించినవి.

చేతిపని నేర్పినంతలోనే కడుపు నిండదన్న సత్యం ఆమె ఎరుగనిది కాదు. కుట్టిన రవికకు, నేసిన గుడ్డకు కొనేవారుండాలి. కొన్నా గిట్టుబాటు ధర రావాలి. శరణాలయాలలో తయారైన వస్తువులను జాలితో ఒకసారి కొన్నవారు రెండవసారి కొనరు. వస్తువు బాగుండాలి, లేదా ఉద్యోగం స్థిరమైనది కావాలి. ఉపాధ్యాయినికి, నర్సుకు ఏ ఊరిలోనైనా పని దొరుకుతుంది. కనుకనే ఆమె సంస్థలలో చేతిపని పక్కన పుస్తకం ఎల్లప్పుడూ ఉండెను.

దుర్గాబాయి మొదటి భర్త సుబ్బారావుగారు 1941లో మరణించారు. ఆయన రెండవ భార్య వితంతువై, బంధువుల నిరాదరణతో కష్టాలపాలైనారు. ఆ స్త్రీని దుర్గాబాయి స్వయంగా ఆంధ్ర మహిళాసభకు పిలిపించుకొని వృత్తి శిక్షణ ఇప్పించారు. పిదప హైదరాబాదులోని ప్రాంతీయ హస్తకళల శిక్షణ సంస్థలో ఆమెకు ఉద్యోగం లభించేటట్లు చూశారు. తాను కాదనుకొన్న సంసారంలో అడుగుపెట్టిన స్త్రీ ఆమె. లోకరీతి ననుసరించి చూస్తే ఆ ఇరువురి మధ్య మాటలుండడమే అరుదు. దుర్గాబాయి ఆమెలో చూసినది మాత్రం తోడు లేని ఒక స్త్రీని. డబ్బు పంపి ఊరుకొనడం సులువైన పని. శిక్షణ ఇప్పించి ఉద్యోగంలో నిలబెట్టడం వలన ఆ స్త్రీ ఇకపై ఎవరి దయకూ, చివరకు దుర్గాబాయి దయకూ, ఎదురుచూడనవసరం లేకపోయింది. దుర్గాబాయి ఆశయం ఎట్టిదో తెలియజేయడానికి ఈ ఒక్క ఉదంతం చాలును.

రాజ్యాంగ సభలో

1946లో దుర్గాబాయి మదరాసునుండి రాజ్యాంగ సభకు ఎన్నికైనారు. సభ కార్యకలాపాలలో జి. దుర్గాబాయిగా ఆమె పేరు కనబడుతుంది. అధ్యక్ష స్థానంలో కూర్చొనడానికి నియమించిన సభ్యుల జాబితాలో ఆమె ఒక్కరే మహిళ. ఎన్నో సవరణలు ప్రతిపాదించి, న్యాయవాదిగా తన అనుభవాన్నంతా అక్కడ వినియోగించారు. మనుషుల క్రయవిక్రయాలను, వెట్టిచాకిరిని నిషేధించే నిబంధన చర్చకు వచ్చినపుడు ఆమె దానిని బలపరుస్తూ మదరాసు రాష్ట్రంలోని దేవదాసీ ఆచారాన్ని ప్రస్తావించారు. ఆ నిబంధనయే నేడు రాజ్యాంగంలో 23వ అధికరణంగా ఉన్నది. కాకినాడ సభలో మహాత్ముని ఎదుట కూర్చున్న స్త్రీల తరఫున, పాతికేళ్ళకు పైబడిన తరువాత, దేశపు అత్యున్నత సభలో ఆమె గొంతు పలికింది. ఆ దురాచారాన్ని నిషేధించే చట్టం మదరాసు రాష్ట్రంలో 1947లో వచ్చింది. చట్టం ఒక తలుపు తెరుస్తుంది. ఆ తలుపు దాటి వచ్చిన స్త్రీ రేపు ఏమి తిని బ్రతకాలన్నది మరొక ప్రశ్న. దుర్గాబాయి తరువాతి జీవితమంతా ఆ రెండవ ప్రశ్నకు సమాధానం వెదకడంలోనే గడిచింది.

సంక్షేమ బోర్డు

1952 సార్వత్రిక ఎన్నికలలో ఆమె ఓటమి చెందారు. ఆ సంవత్సరమే ప్రణాళికా సంఘ సభ్యురాలుగా నియమితులైనారు. అక్కడ ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌తో పరిచయం ఏర్పడి, 1953 జనవరి 22న వారి వివాహం జరిగింది. నెహ్రూ ఆ వివాహానికి సాక్షిగా సంతకం చేశారు. దంపతులలో ఒకరు జీతం తెచ్చే పని చేయాలని, మరొకరు జీతం లేని సంఘసేవ చేయాలని వారు ఒప్పందం చేసుకొన్నారు.

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా దుర్గాబాయి దానికి తొలి అధ్యక్షురాలైనారు. ఊరూరా సేవా సంస్థలు ఉన్నవి; వాటికి నిధులు లేవు. ప్రభుత్వం వద్ద నిధులున్నవి. ప్రతి వీధిలోని కష్టం తెలిసిన మనుషులు లేరు. ఈ రెంటినీ కలపడమే బోర్డు ఉద్దేశం. 1954లో సుమారు 25 గ్రామాల చొప్పున ఒక్కొక్క ప్రాజెక్టుగా గ్రామీణ సంక్షేమ విస్తరణ కార్యక్రమం మొదలైంది. బాలవాడి, ప్రసూతి సహాయం, వయోజన స్త్రీల అక్షరాస్యత, చేతిపనులు అందులోని భాగాలు.

ఈ పనిలో ఒక పెద్ద చిక్కు ఎదురైంది. పల్లెలలో పనిచేయడానికి గ్రామసేవికలు, బాలవాడి ఉపాధ్యాయినులు, మంత్రసానులు కావాలి. వారికి కొంత చదువుండాలి. కాని పల్లెలలో చదివిన స్త్రీలు లేరు. పట్నంలో చదివినవారు పల్లెకు రారు. అపుడు దుర్గాబాయికి మైలాపూరు తరగతులు దారి చూపినవి. 1958లో బోర్డు దేశవ్యాప్తంగా కండెన్స్‌డ్ కోర్సులను ప్రవేశపెట్టింది. బడి మధ్యలో ఆపివేసిన 18 ఏళ్ళు దాటిన స్త్రీలకు రెండేళ్ళలో పరీక్షకు తగిన చదువు చెప్పి, ఆపైన ఉద్యోగ శిక్షణకు పంపడం వాటి లక్ష్యం. ఉపాధి కావలసిన వితంతువుకు, భర్త విడిచిన స్త్రీకి పని దొరికింది; పనివారు కావలసిన పల్లెకు తమ మనిషి దొరికింది.

అదే 1958లో సామాజిక ఆర్థిక కార్యక్రమం ఆరంభమైంది. నిరుపేద స్త్రీలకు, వితంతువులకు, వికలాంగులకు పని కల్పించే ఉత్పత్తి కేంద్రాలు తెరవడానికి స్వచ్ఛంద సంస్థలకు సహాయం అందించడం దీని ఉద్దేశం. అంతకుముందే ఢిల్లీ, పూనా, హైదరాబాదు, విజయవాడ నగరాలలో తక్కువ ఆదాయం గల కుటుంబాల స్త్రీలకోసం పారిశ్రామిక సహకార సంఘాలు ఏర్పడి ఉండెను. స్త్రీలు కూలివారుగానే కాక సంఘ సభ్యులుగా కూడా ఉండడం వీటిలోని విశేషం.

జైలులో చూసిన స్త్రీలను ఆమె మరువలేదు. సంఘంచేత పతితలుగా ముద్రపడిన స్త్రీల సమస్యను పరిశీలించడానికి 1954లో బోర్డు శ్రీమతి ధన్వంతి రామారావు అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. శిక్షాలయాలనుండి విడుదలైనవారి సంరక్షణను గూర్చి ఎం.ఎస్. గోరే అధ్యక్షతన మరొక సంఘం ఏర్పడింది. వాటి సిఫారసుల ఫలితంగా రెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో రాష్ట్రాలలో అనంతర సంరక్షణ గృహాలు వెలసినవి. కొంతకాలం ఉండి, పని నేర్చుకొని, తిరిగి సమాజంలోకి వెళ్ళడానికి ఉద్దేశించిన గృహాలవి. ఇటువంటి గృహాలు నిజంగా వసతులై నిలుస్తాయా, మరొక చెరసాలలౌతాయా అన్నది అక్కడ నేర్పే పనిపైన, ఆదరించే మనుషులపైన ఆధారపడి ఉంటుంది. ఈ మెలకువ అవసరం నేటికీ తీరలేదు.

1958లో కేంద్ర ప్రభుత్వం నియమించిన జాతీయ మహిళా విద్యా సంఘానికి దుర్గాబాయి అధ్యక్షత వహించారు. 1959లో వెలువడిన ఆ సంఘ నివేదిక, బాలుర విద్యకు బాలికల విద్యకు మధ్యనున్న అగాధాన్ని పూడ్చడం ప్రత్యేక కర్తవ్యంగా భావించాలని సూచించింది. గ్రామాలలో ఉపాధ్యాయినులకు నివాస గృహాలు, బాలికలకు హాస్టళ్ళు కావాలని నొక్కి చెప్పింది. 1953లో చైనా పర్యటన నుండి వచ్చిన పిమ్మట కుటుంబ వివాదాల పరిష్కారానికి ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని ఆమె సూచించారు. ఆ కోరిక ఆమె మరణానంతరం, 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం రూపంలో నెరవేరింది.

చివరి దశ

పదవులు విడిచిన పిదప కూడా ఆమె విశ్రాంతి ఎరుగరు. సాంఘికాభివృద్ధి మండలిని ఢిల్లీలో స్థాపించారు. అంధుల సంక్షేమ సంఘానికి అధ్యక్షురాలై, వారికి పాఠశాల, వసతి గృహం, పనిశాల ఏర్పాటుకు తోడ్పడ్డారు. భారతదేశంలోని సంఘసేవను గూర్చిన విజ్ఞాన సర్వస్వం 1968లో ఆమె పర్యవేక్షణలో వెలువడింది. ఆంధ్ర మహిళాసభ హైదరాబాదులోనూ వేళ్ళూనుకొని, కళాశాలలు, వైద్యశాల, అక్షరాస్యతా కేంద్రం వంటి శాఖలతో విస్తరించింది. 1975లో ఆమెకు, చింతామణి దేశ్‌ముఖ్‌కు ఇరువురికీ పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1981 మే 9న దుర్గాబాయి పరమపదించారు. మదరాసు నగరంలో ఒక ప్రధాన రహదారికి, ఢిల్లీలో ఒక మెట్రో స్టేషనుకు ఆమె పేరు పెట్టారు.

హోసూరు, కృష్ణగిరి సీమలో

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు తెలుగువారు అధికంగా నివసించే హోసూరు, డెంకణికోట, వేపనపల్లి ప్రాంతాలు మదరాసు రాష్ట్రంలోనే ఉండిపోయినవి. ఆంధ్ర మహిళాసభ కూడా మదరాసులోనే నిలిచి తన పని కొనసాగించింది. రాష్ట్రాల సరిహద్దులు మారినా తెలుగు ఆడపడుచుకు చదువు, ఉపాధి అందించే బాధ్యత మారలేదని ఆ సభ ఆచరణలో చూపింది.

దుర్గాబాయి ఆశించిన మార్గానికి ఈ సీమలోనూ అనువైన నేల దొరికింది. తమిళనాడులో స్త్రీల స్వయంసహాయక సంఘాల ఉద్యమం ప్రభుత్వ కార్యక్రమంగా 1989లో ధర్మపురి జిల్లాలో, అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి తోడ్పాటుతో ప్రారంభమైంది. హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. 2004లో కృష్ణగిరి ప్రత్యేక జిల్లా అయినది. నెలకు కొద్ది రూపాయలు కూడబెట్టి, తమలో తామే అప్పు ఇచ్చుకొని, సొంత లెక్కలు తామే వ్రాసుకొనడం ఈ సంఘాల పద్ధతి. వడ్డీ వ్యాపారి వాకిట నిలబడే అవసరం దీనివలన తగ్గింది. 1990ల దశకంలో హోసూరు ప్రాంతంలో మైరాడా సంస్థ ప్రోత్సాహంతో మెడో అనే సంస్థ రూపుదిద్దుకొన్నది. సంఘాలలోని పేద గ్రామీణ స్త్రీలు అందులో పనివారు, భాగస్వాములు కూడా. టైటాన్ కర్మాగారానికి చేతిగడియారపు పట్టీల కూర్పు వంటి పనులు వారు చేపట్టారు. పొలం కూలి తప్ప మరొక పని ఎరుగని చేతులు సన్నని లోహపు లంకెలను తప్పు లేకుండా కూర్చడం నేర్చుకొన్నవి. వస్తువు నాణ్యమైతే దానిని జాలితో కొనవలసిన పని లేదని ఈ అనుభవం నిరూపిస్తున్నది.

డెబ్బై ఐదేళ్ళ పండుగ జరుపుకొనే పాఠశాల ఏదైనా, తన బెంచీలపై కూర్చొని చదువు ముగించిన బాలికలను గర్వంగా తలచుకొంటుంది. మధ్యలో ఆగిపోయినవారు కూడా ఆ పాఠశాల బిడ్డలే. పెండ్లి వలననో, పేదరికం వలననో, ఇంటి పెద్ద మరణం వలననో బడి విడిచిన బాలికకు చదువు ద్వారం శాశ్వతంగా మూసుకుపోలేదని దుర్గాబాయి జీవితం చెబుతున్నది. పన్నెండేళ్ళు బడికి దూరమైన ఆమె తిరిగి పుస్తకం పట్టి న్యాయవాది కాగలిగారు. తనవంటి వేలమందికి ఆ దారి వేశారు. తల్లిదండ్రులు తమ ఇంట, తమ వీధిలో చదువు ఆపిన ఆడపిల్ల ఒకరున్నారేమో చూసి, ఆమెను మరల పరీక్షకు కూర్చుండబెట్టగలిగితే, పూర్వవిద్యార్థులు ఆమె ఫీజుకు, పుస్తకాలకు పూనుకొనగలిగితే, ఆ మహనీయురాలి స్మృతికి అంతకు మించిన నివాళి ఉండబోదు.